అవతలవలస పాటకు జవాబు

ప్రభుత్వం చేసే వింత పనులకు మూలం వెతుక్కుంటూ పోతే ఆఖరికి ఏదో ఒక పెళ్ళి బంతి దగ్గర తేలతామని నా గట్టి నమ్మకం. జవాబు పాటల మండలి విషయంలో మాత్రం అది నమ్మకం కాదు, కళ్ళారా చూసిన నిజం. ఆ బంతిలో నేనూ కూర్చున్నాను. గుత్తివంకాయ బాగా కుదిరింది.

అది మా శాఖ మంత్రిగారి అబ్బాయి పెళ్ళి. మగపెళ్ళివారు భోజనాలకు కూర్చోగానే ఆడపెళ్ళివారి వైపు ఆడవాళ్ళు కొంగులు దోపుకుని వచ్చి వియ్యంకుడి మీద పాట ఎత్తుకున్నారు. ముందుండి పాడింది పెళ్ళికూతురి మేనత్త. ఆవిడ గొంతుకి మైకు అక్కర్లేదు.

"విస్తరెంత వేయమంటారే వియ్యంకుడికి?
బొజ్జ కొలిచి చెప్పరే వదినల్లారా!
బూరెలన్నీ బుగ్గలోనే దాచినాడేమే?
మాటకు మాట చెప్పలేడే మహరాజూ!"

ఇలాంటి పాటకు కోపం తెచ్చుకోకూడదు. మగపెళ్ళివారి ఆడవాళ్ళు లేచి అంతకు రెండింతలు ఘాటైన పాట అందుకోవాలి. అందుకోలేకపోతే ఓడిపోయినట్టే. అదీ ఆచారం. కానీ మంత్రిగారి వైపు ఆడవాళ్ళంతా ఫోన్లు పైకెత్తి ముచ్చటగా వీడియో తీసుకుంటున్నారే తప్ప, ఒక్కరికీ ఒక్క పాదం రాదు. మేనత్తగారు నాలుగో చరణంలోకి దిగేసరికి మంత్రిగారికి పూర్ణంబూరె గొంతుకు అడ్డం పడింది. పక్కనే ఉన్నాను కాబట్టి మంచినీళ్ళ గ్లాసు అందించాను. ఆ గ్లాసే నా కొంప ముంచింది.

"మీరు సాంస్కృతిక శాఖలో సూపరింటెండెంటు కదూ?" అన్నారు నీళ్ళు మింగి.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. "అడిగిన పాటకు బదులు లేకుండుట జాతి గౌరవమునకు భంగకరమగుటచేత, రాష్ట్రమందు ప్రశ్నించు, పిలుచు, నిందించు సమస్త గేయములకును సంబంధిత శాఖలు విధిగా జవాబు గేయములను సమకూర్చవలెను" అని. జవాబు వచ్చేదాకా అసలు పాటను మైకులో పాడరాదు. దీనికో మండలి, ఆ మండలికో డైరెక్టరు, ఓ ఆస్థాన కవి. వీళ్ళందరి కింద నేను.

ఉత్తర్వును జనం నెత్తిన పెట్టుకున్నారనే చెప్పాలి. అప్పటికే ఊరంతా ఆ పిచ్చిలో ఉంది. ఒకడు ఫోనులో "ఎందుకు వదిలేశావే" అని ఏడిస్తే, మర్నాటికల్లా ఎవతో "అందుకే వదిలేశాను" అని పాడి పెట్టేది. దాన్ని లక్షల మంది చూసేవారు. ప్రజల నాడి పట్టుకున్నామని మంత్రిగారు సంబరపడ్డారు.

మొదట్లో సరదాగానే ఉండేది. చందమామను రమ్మని పిలిచే పాటలన్నీ కట్టగట్టి విద్యుత్ శాఖకు పంపాం. "చంద్రుడు మా స్తంభాలకు తగిలించిన దీపము కాడు, అయినను అమావాస్యకు చింతించవలదు" అంటూ వాళ్ళొక గేయం రాసిచ్చారు. దేవుడా నువ్వెక్కడున్నావని అడిగే పాటలు దేవాదాయ శాఖకు వెళ్ళాయి. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం దాకా గర్భగుడిలోనే ఉంటానని, గ్రహణం నాడు మాత్రం దర్శనం ఉండదని దేవుడి తరఫున వాళ్ళు జవాబు పాడించారు. భక్తులు దండాలు పెట్టుకున్నారు. పాపా ఎందుకేడుస్తావని అడిగే జోలపాటకు శిశు సంక్షేమం వారు పాప గొంతుతో జవాబు కట్టి, డప్పులతో సహా వినిపించారు. అంతవరకు నిద్రపోతున్న పాప నిజంగానే లేచి ఏడ్చింది. జవాబు ఫలించినట్టు నమోదు చేశాం.

చిక్కెక్కడ వచ్చిందంటే, కొన్ని జవాబుల్లో మళ్ళీ ప్రశ్నలుండేవి. "వానా వానా ఎందుకు రావు?" అన్న పాటకు వ్యవసాయ శాఖ "చెట్లు కొట్టింది ఎవరు?" అని బదులిచ్చింది. అది అటవీ శాఖకు వెళితే, "మమ్మల్నడిగే హక్కు మీకెక్కడిది?" అని వాళ్ళు పాడారు. ఇంకేముంది, రెండు శాఖలూ ఎదురెదురు గదుల్లో కూర్చుని తగువులాడుకునే తోడికోడళ్ళలా పాడుకుంటూనే ఉన్నాయి. ఆ ఏడు వాన పడింది, వెలిసింది. పాట మాత్రం తెమల్లేదు.

ఇక ఏడో నిబంధన. కథంతా దానిమీదే నడుస్తుంది కాబట్టి కాస్త ఓపిగ్గా వినండి. ఎక్కడో ఒక బావి ఎండిపోతే, బావీ ఎందుకెండావని ఆ ఊరివాళ్ళు పాడుకున్నారు. మా ఆస్థాన కవి సుధానిధిగారు బావి గుండెకోత మీద కన్నీరు మున్నీరుగా సుదీర్ఘమైన జవాబు రాశారు. ఆయన ఊళ్ళోకి వెళ్ళేసరికి ఎవరో మతిలేని అధికారి బావిని లోతు చేయించి నీళ్ళు తెప్పించేశాడు. కవిగారు బావి గట్టున కూలబడ్డారు. "నా చరణాలేం కావాలి?" అని అలిగి రెండు రోజులు అన్నం ముట్టలేదు. దాంతో ఏడో నిబంధన పుట్టింది: జవాబు పాడేంతవరకు, పాటలో పేర్కొన్న స్థలమందు యథాతథ స్థితి కొనసాగవలెను. ఏదీ కట్టరాదు, ఏదీ తీయరాదు. పాతవాటికి మరమ్మతులు మాత్రము చేసుకొనవచ్చును.

ఈ నిబంధన అమల్లోకి వచ్చిన కొత్తల్లోనే తవుడమ్మ మా ఆఫీసుకి వచ్చింది.

ఆవిడది అవతలవలస. గెడ్డకి, అంటే కొండవాగుకి, అవతల ఉంది కాబట్టి ఆ పేరు. పేరు పెట్టినవాడికి ముందుచూపు ఉన్నట్టుంది, ఆ ఊరు ఎప్పటికీ అవతలే ఉండిపోయింది. ఎండాకాలం గెడ్డలో మోకాలి లోతు నీళ్ళుంటే నడిచి వస్తారు. వానాకాలం అది పొంగితే, ఆసుపత్రి ఇవతల, జనం అవతల. తవుడమ్మ నాట్లు వేస్తూ ఒక పాట కట్టింది. ఎవరో ఫోనులో పట్టి లోకం మీదికి వదిలారు.

"వంతెనేస్తానన్న బాబు ఏ ఊరెల్లినాడే?
ఏలిమీద సిరా మాసె, ఎప్పుడొస్తాడే?
కడుపుతోటి కూన నాది గెడ్డొడ్డున కూకుంది
ఇవతలొడ్డు ఆసుపత్రి, ఎలాగెల్తాదే?"

మొత్తం మూడు ప్రశ్నలు. మండలి ఉలిక్కిపడి పాటను నమోదు చేసింది. అసలు విషాదమేమిటంటే, అప్పటికే ఆ గెడ్డ మీద చిన్న వంతెన మంజూరై, ఇంజినీరు దాలినాయుడు కంకర, సిమెంటు దింపించి కొలతలు వేస్తున్నాడు. ఏడో నిబంధన కాగితం వెళ్ళింది. పని ఆగింది.

తవుడమ్మ నా బల్ల ముందు నిలబడింది. చెమటకి కుంకుమ కారిపోయి ఉంది.

"బాబూ, మా పాటకేదో జవాబు రాస్తన్నారట. మాకే జవాబూ వొద్దు బాబూ. పాట మానీమంటే ఇప్పుడే మానీస్తాను. ఆ ఇంజినీరు బాబుని పని సేసుకోనీండి. నా సిన్నది సిట్టెమ్మకి నెలలు నిండొస్తన్నాయి."

"వానలు పడకముందే అమ్మాయిని ఇవతలకి తెచ్చేసుకోవచ్చుగా?" అన్నాను. చదువుకున్నవాళ్ళం ఇలాంటి సలహాలు ఇట్టే ఇస్తాం.

"తెచ్చి ఎక్కడెట్టను బాబూ? మాకీ ఒడ్డున ఎవులున్నారు? పెద్దది పైడితల్లికి ఇలాగే నొప్పులొచ్చినాయి. గెడ్డొడ్డున కూకుని, నీరెప్పుడు తీస్తాదా అని సూసి సూసి, అక్కడే పోనాది. లోపల బిడ్డ లోపలే. ఆ బాద పడలేకే పాట కట్టినాను. అది మీకెందుకు నచ్చీసిందో నాకు తెలీదు."

లేచి ఆవిడని డైరెక్టరు విశ్వంభరంగారి గదిలోకి తీసుకెళ్ళాను. ఆయన చేతులు జోడించి కూర్చోబెట్టి, టీ కూడా తెప్పించారు. మనిషి చెడ్డవాడు కాడు. అదే ప్రమాదం.

"అమ్మా, నీ ఆవేదనను మండలి సముచితంగా గుర్తించింది. కానీ ఇప్పుడు వంతెన కట్టేస్తే నీ ప్రశ్నకు ఆధారం పోతుంది. ఆధారం లేని ప్రశ్నకు జవాబు చెప్పడం నిబంధనలకు విరుద్ధం. అందుచేత ముందు జవాబు."

"జవాబు పాడీసినాక వంతెన కట్టీస్తారా బాబూ?"

"జవాబు పాడాక ప్రశ్న ఉండదు కదమ్మా! ప్రశ్నే లేనప్పుడు వంతెన దేనికి?"

తవుడమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, నా వైపు తిరిగింది. "ఈ బాబు అన్నమే తింటన్నాడా?" అని అడిగింది. ఇది పాటగా అడగలేదు కాబట్టి మేం జవాబు చెప్పనక్కర్లేకపోయింది.

జవాబు రాయడానికి ఉపసంఘం కూర్చుంది. ఎవరి గొంతుతో రాయాలన్న దగ్గరే ముడి పడింది. వంతెన గొంతుతో రాద్దామంటే, లేని వస్తువు మాట్లాడితే ఆడిట్ అభ్యంతరం వస్తుందన్నారు. 'వంతెనేస్తానన్న బాబు' గొంతుతో రాద్దామంటే, ఆ బాబెవరో తేల్చాలి. గదిలో అందరూ సీలింగు ఫ్యాను వైపు చూశారు. ఆఖరికి ప్రభుత్వం అనే అమూర్త స్వరంతో రాయాలని తీర్మానమైంది. ఈలోగా దాలినాయుడు నాకు రోజూ ఫోను.

"సార్, మీ పాటేదో బేగి పాడీండి సార్. సిమెంటు గడ్డ కట్టేస్తోంది."

"మోహన రాగమా, శంకరాభరణమా అని చర్చ నడుస్తోందయ్యా."

"ఏ రాగమైనా గడ్డే కడతాది సార్."

రాగం తేలేసరికి ఆషాఢం వచ్చింది. మంత్రిగారు గెడ్డ ఒడ్డునే పెద్ద ఎత్తున 'జవాబు మహోత్సవం' పెట్టమన్నారు. పట్నం నుంచి లారీల్లో ఇనుప గొట్టాలు, పొడవాటి దుంగలు, దళసరి టేకు బల్లలు వచ్చాయి. కోరస్ పాడేవాళ్ళు నలభై మంది, డోలు సన్నాయి వేరే. ఇంతమంది ఎగిరినా కూలకుండా ఉండాలని వేదిక రాయిలా కట్టించారు. దాన్ని చూసి దాలినాయుడు నిట్టూర్చాడు. "దీన్ని ఒక్క నాలుగు బారలు అటు జరిపుంటే సరిపోయేది" అన్నాడు.

ఆ పొద్దున గెడ్డ ఇంకా నడుము లోతే. ప్రేక్షకులుగా అవతలవలస మగవాళ్ళని ఇవతలకి రప్పించాం. సన్మానం కోసం తవుడమ్మనీ రప్పించాం. "సిట్టెమ్మని వొదిలి రాలేను బాబూ" అంటే, గంటలో పంపేస్తామని నేనే మాటిచ్చాను. మంత్రిగారు రావడం ఆలస్యమైంది. ఈలోపు కొండల మీద వాన పడింది. ఎర్రనీళ్ళు దిగాయి. మంత్రిగారు వచ్చేసరికి గెడ్డ ఒడ్డులు ఒరుసుకుని పరిగెడుతోంది.

తవుడమ్మకి పట్టుశాలువా కప్పారు. కోరస్ అందుకుంది.

"విచ్చేయును వంతెన వినూత్న వైభవముగా!
ప్రతిపాదన గర్భమున ప్రభవించుచున్నది!
ఓరిమి వహింపుము ఓ గ్రామమాతా!
పరిశీలనా పథమున పయనించుచున్నది!"

మంత్రిగారు తల ఊపుతూ తాళం వేస్తున్నారు. అప్పుడు అవతలి ఒడ్డున ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. చేతులూపుతూ అరుస్తున్నారు. డోలు మోతలో ఏమీ వినపడలేదు.

"అవతలి గట్టు నుంచి కూడా ప్రజాస్పందన!" అన్నారు విశ్వంభరంగారు కళ్ళు చెమర్చి.

తవుడమ్మకి వినపడింది. "ఓలమ్మో! నా సిట్టెమ్మకి నొప్పులొచ్చీసినాయి! ఆపండ్రా ఈ పాట!" అని కేకేసింది.

డోలు ఆగింది. ఒడ్డున అంబులెన్సు ఉంది. మంత్రిగారి బందోబస్తు కోసం వచ్చింది. అవతల నలుగురు ఆడవాళ్ళు సిట్టెమ్మని మంచం మీద మోసుకొచ్చి దించారు. మధ్యన గెడ్డ. ఆ మంచం దించిన చోటే అప్పట్లో పైడితల్లి కూర్చున్నదని తర్వాత తెలిసింది.

"చరణం మధ్యలో ఆపితే జవాబు చెల్లదు సార్" అన్నారు కవిగారు. "పూర్తి కానివ్వండి, ఒక్క చరణమే" అన్నారు విశ్వంభరంగారు కోరస్ వైపు చెయ్యూపుతూ.

తవుడమ్మ వేదిక మీద నిలబడి కాళ్ళ కిందికి చూసింది. మడమతో బల్లని గట్టిగా తన్ని చూసింది.

"ఇంజినీరు బాబూ! ఈ బల్లలు అటొడ్డుకి అందుతాయా?"

దాలినాయుడు గెడ్డ వైపు చూశాడు, దుంగల వైపు చూశాడు. ఏడో నిబంధన గుర్తొచ్చి నా వైపు కూడా చూశాడు. నేను చటుక్కున కిందికి వంగి చెప్పు పట్టీ సరిచేసుకోవడం మొదలుపెట్టాను.

"అందుతాయే అమ్మా!" అన్నాడు.

అంతే. అవతలవలస మగాళ్ళంతా వేదిక మీద పడ్డారు. ఇంకా పాడుతున్న కోరస్ కాళ్ళ కింద నుంచే బల్లలు లాగారు. మోహన రాగం ముందు వరుస నుంచి వెనక వరుసకి జరుగుతూ జరుగుతూ బురదలో పడింది. దుంగలు గెడ్డ ఇరుకు దగ్గర అడ్డంగా తోశారు. ఇద్దరు కుర్రాళ్ళు నడుముకి షామియానా తాడు కట్టుకుని ఈది అవతలి కొసలు పట్టారు. గొట్టాలు దిగేశారు, బల్లలు పరిచారు. దాలినాయుడు నీళ్ళలో దిగి అరుస్తూ ఒక్కో ముడీ తనే చూశాడు. తవుడమ్మ ఊగుతున్న బల్లల మీద అవతలకి పరిగెత్తి, సన్మానం శాలువాలోనే కూతుర్ని జోలె కట్టించి తీసుకొచ్చింది. తల్లీకూతుళ్ళని ఎక్కించుకుని అంబులెన్సు కదిలింది.

ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా కులాసా. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కాదని డాక్టరమ్మ చెప్పింది.

మండలి అత్యవసరంగా సమావేశమైంది. జవాబు పాట ఆఖరి చరణం బురదలో పడినా, ముందు పాడినంతవరకు చెల్లుతుందని తేల్చారు. కాబట్టి ప్రశ్న ముగిసింది. ప్రశ్న ముగిసింది కాబట్టి దాలినాయుడి వంతెన రద్దు. వేదిక మాత్రం మండలి ఆస్తి, పైగా పక్క జిల్లాలో ఒక పిచ్చుక పాటకు జవాబు మహోత్సవం ఉంది. కనుక బల్లలు వెనక్కి తేవాలి. మంత్రిగారు స్వయంగా బయల్దేరారు. ఆయన వెనక విశ్వంభరంగారు, కవిగారు, కూలీలు, నేను.

మేం వెళ్ళేసరికి గెడ్డ మీద బల్లలకి అవతలి కొసన ఆడవాళ్ళు బారులు తీరి నిలబడి ఉన్నారు, కొత్త పెళ్ళికొడుకుని గుమ్మంలో అటకాయించే మరదళ్ళలాగా. తవుడమ్మ ఒళ్ళో గుడ్డలో చుట్టిన మనవరాలు. ఆవిడ గొంతెత్తింది.

"బల్లలిప్ప వొచ్చినారె బాబులందరూ!
ఇప్పుకెల్లు ఇప్పుకెల్లు, ఒక్క మాట సెప్పి ఎల్లు!
నీ ఇంటి ఆడకూతురికి నొప్పులొచ్చిననాడు
ఏ ఒడ్డున కూకోబెడతావ్ మారాజా?"

తక్కిన ఆడవాళ్ళు ఆ ఆఖరి పాదం అందుకుని మళ్ళీ మళ్ళీ పాడారు. మంత్రిగారు బల్ల మీద ఒక కాలు పెట్టి, అది ఊగితే వెనక్కి తీసేసుకున్నారు. ఆయన కోడలు కడుపుతో ఉందని ఆఫీసులో అందరికీ తెలుసు. ఆయన నోరు తెరిచారు, మూశారు. ఆ మొహం నేనింతకు ముందోసారి చూశాను. ఈసారి నా దగ్గర నీళ్ళ గ్లాసు లేదు.

"కవిగారూ, ఏదో ఒకటి చెప్పండి" అన్నారు మెల్లగా.

సుధానిధిగారికి ముగ్గురు కూతుళ్ళు. ఆయన ఉత్తరీయంతో మొహం తుడుచుకుని, "ఛందస్సు దొరకటం లేదండీ" అన్నారు.

కూలీలు బల్లలు ఇప్పబోయారు. అప్పుడు నేను గొంతు సవరించుకున్నాను. "క్షమించాలి సార్. ఇది కొత్త ప్రశ్న. పాటలో ఈ బల్లలూ ఉన్నాయి, ఈ ఒడ్డూ ఉంది. ఏడో నిబంధన ప్రకారం జవాబు పాడేదాకా ఇక్కడ ఏదీ తీయకూడదు."

విశ్వంభరంగారు నన్ను కొరకొరా చూశారు. కానీ నిబంధన రాసింది ఆయనే. "అవును. యథాతథ స్థితి" అన్నారు, పళ్ళ మధ్య నుంచి.

"అయితే ఆ జవాబేదో మీరే రాయండి" అన్నారు మంత్రిగారు నాతో.

"చిత్తం" అన్నాను.

తీయకూడదంటే కట్టకూడదు కూడా. ఆ సంగతి నాకూ తెలుసు, దాలినాయుడికీ తెలుసు. కానీ మరమ్మతులు చేసుకోవచ్చు. పోయిన నెల టేకు బల్ల ఒకటి పుచ్చిందని మార్చాడు. దాని బదులు వేసిన బల్ల ఎందుకో ఇనప ఊచలు పోసిన సిమెంటు పలకలా ఉంది. ఈ నెల దుంగ ఒకటి వదులైందని కింద రాతి స్తంభం లేపాడు. అదీ మరమ్మతే. తనిఖీకి వచ్చినవాళ్ళకి నేను అదే చెప్పాను. తవుడమ్మ మనవరాలిని చంకనేసుకుని టీకాలకి దాని మీదుగానే వచ్చి, నాకు రెండు పనసపళ్ళు ఇచ్చి వెళ్ళింది.

"జవాబెంతవరకొచ్చినాది బాబూ?" అని అడిగింది, నవ్వాపుకుంటూ.

పైనుంచి కూడా అదే అడుగుతున్నారు. రాస్తున్నాను, రాస్తున్నాను అంటున్నాను. తొందరపడితే తప్పులు దొర్లుతాయి కదా. నిన్ననే దాలినాయుడు ఫోను చేశాడు. ఇంకా సగం బల్లలు పుచ్చాల్సి ఉందట. నా జవాబు కూడా ఇంకా మొదటి పాదంలోనే ఉంది.